డూమ్ అంటే వినాశనం కాదు

మన ఇళ్లలో 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్‌ని ప్రాణంగా చదివే పిల్లలున్నారు. వాళ్లలో కొందరు కథతో ఆగక, ఆయన కల్పించిన ఎల్ఫులనే జాతి భాషలు క్వెన్యా, సిందారిన్ కూడా నేర్చుకుంటున్నారు. "లేని భాష ఎందుకురా, ఉన్న తెలుగు నేర్చుకోక" అని పెద్దలు విసుక్కోవడం సహజం. నా అభిప్రాయం వేరు. వాళ్లని ఆపకండి, ఆ కథల్ని తెలుగులో చెప్పమనండి. చెప్పేటప్పుడు ఇంగ్లీషు మాట దగ్గరే ఆగిపోకుండా దాని వెనకున్న ఎల్ఫు మాట దాకా వెళ్లమనండి. తీర్పుకు సంబంధించిన మాటల్లో ఈ అవసరం బాగా తెలుస్తుంది.

టోల్కీన్ ఇంగ్లీషులో 'డూమ్' తరచూ కనిపిస్తుంది. ఇప్పుడా మాట వినగానే సర్వనాశనం తోస్తుంది కానీ, పాత ఇంగ్లీషులో దాని అర్థం తీర్పు. తొమ్మిదో శతాబ్దపు ఆల్ఫ్రెడ్ రాజు శాసన సంపుటి పేరు 'దోంబోక్', అంటే తీర్పుల పుస్తకం. టోల్కీన్ 1925 నుంచి 1945 దాకా ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్లో-శాక్సన్ ఆచార్యుడు. ఆ పాత అర్థం తెలిసే ఆ మాట వాడారు. ఇంగ్లీషులో తీర్పు, విధి రెండూ ఆ ఒక్క మాటలోనే ఇమిడాయి. ఆయన ఎల్ఫులకు మాత్రం అవి వేరు వేరు మాటలు.

క్వెన్యాలో తీర్పుకు ధాతువు 'నమ్'. నామో అంటే తీర్పరి. మృతుల మందిరాల అధిపతి అసలు పేరు అదే. మండోస్ అనేది ఆయన ఉండే చోటు, వాడుకలో ఆయనకే పేరైపోయింది. మనకు యమధర్మరాజు గుర్తొస్తాడు. అయితే నామో సొంతంగా తీర్పు వెలువరించడు, వాలార్ అనే దేవతలకు రాజైన మాన్వే ఆజ్ఞ అయితేనే నోరు విప్పుతాడు. సావిత్రి యముణ్ణి మాటలతో మెప్పించింది, ఎల్ఫు రాకుమారి లూథియెన్ చనిపోయిన ప్రియుడి కోసం నామోని పాటతో కదిలించింది. అంత జాలి కలిగినా నామో తనంతట తాను నిర్ణయించలేదు, మాన్వే దగ్గరకే వెళ్లాడు.

అదే ధాతువు నుంచి 'నమ్న' వచ్చింది, అంటే శాసనం. ఎల్ఫు రాజు ఫిన్వే భార్య మీరియెల్ కొడుకును కన్నాక ఇక బతకాలనిపించక ప్రాణం విడిచింది. ఎల్ఫులు మామూలుగా చావులేనివాళ్లు, చనిపోయినా తిరిగి రాగలరు. అలాంటప్పుడు ఫిన్వే మళ్లీ పెళ్లాడవచ్చా? వాలార్ చర్చించి చేసిన శాసనమే 'నమ్న ఫిన్వే మీరియెల్లో'. న్యాయం వేరు, గాయం మానడం వేరు అనే మాట ఆ చర్చలో వస్తుంది. టోల్కీన్ రాసిన వాటిలో నాకు అన్నిటికన్నా లోతుగా తోచే చోటు అది.

టోల్కీన్ చివరి రోజుల రాతల్లో మరో చిన్న వాక్యం ఉంది. 'ఓరే' అంటే లోపలి మనసు. చెయ్యమని ఆ మనసు చెబుతోంది, కానీ 'నమిన్ అలసైల', అది తెలివైన పని కాదని నా నిర్ణయం. సభ అక్కర్లేదు, మనిషి తనలో తాను చెప్పుకునే తీర్పు. 'నమిన్' చివరి న-కారమే 'నేను'. 'వచ్చాను'లో నేను ఉన్నట్టే క్రియలోనే కర్త ఉంటాడు, తెలుగు పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

విధి మాటలు వేరే ధాతువువి: క్వెన్యాలో 'ఉంబర్', సిందారిన్‌లో 'అమర్థ్'. మౌంట్ డూమ్ ఎల్ఫు పేరు అమోన్ అమర్థ్, కాబట్టి అది విధి కొండ. తూరిన్ అనే వీరుడు తనకు పెట్టుకున్న పేరు తురాంబర్ అంటే విధిని ఏలేవాడు. రింగ్ ఆఫ్ డూమ్ మాత్రం 'రిథిల్-అనమో', ఇందులో ఉన్నది నమ్. వాలార్ సింహాసనాలు వలయంగా ఉండే ఆ చోటు తీర్పు చెప్పే సభ. తమ్ముడు ఫింగోల్ఫిన్ మీద కత్తి దూసిన ఫెయనోర్‌కు 12 ఏళ్ల బహిష్కారం పడింది అక్కడే. గడువు తీరినంత మాత్రాన విషయం ముగిసిపోదు, అవతలివాళ్లు కూడా అతణ్ణి మన్నించి విడిచిపెట్టాలి. ఫింగోల్ఫిన్ వెంటనే "మా అన్నను మన్నిస్తాను" అన్నాడు. దీన్ని 'వినాశ వలయం' అని అనువదిస్తే ఆ సభ, ఆ క్షమ రెండూ పోతాయి.

పిల్లలు తయారుచేసుకునే పదజాబితాల గురించి ఒక మాట. 'బధోర్', 'బధ్రోన్' కూడా న్యాయాధికారి అనే అర్థంలో కనిపిస్తాయి. అవి 1930లలో 'బద్' ధాతువు కింద నోల్డోరిన్ భాషకు రాసుకున్నవి. సిందారిన్ ఆ భాష నుంచి తర్వాత రూపుదిద్దుకుంది. టోల్కీన్ భాషల్ని జీవితాంతం దిద్దుతూనే ఉన్నారు. అందుకే ప్రతి మాట పక్కనా అది ఏ కాలపు రాతో వేసుకోవాలి. లేకపోతే ముప్పై ఏళ్ల ఎడం ఉన్న రెండు మాటలు ఒకే వాక్యంలో చేరతాయి.

తెలుగులో తీర్పు, విధి వేరు మాటలు కావడం ఇక్కడ మనకు కలిసొస్తుంది. మన పత్రికలో పిల్లలు ఈ కథలు రాస్తే నేను కోరేది: నామోని తీర్పరి అనండి, నమ్నని శాసనం అనండి, రిథిల్-అనమోని ధర్మసభ అనండి, అమర్థ్‌ని విధి అనండి. డూమ్ అన్న మాటను డూమ్‌గానే తెలుగు లిపిలో దింపేసి వదిలేయకండి.