పాము ఒక్కటే చాలదు

"పాముకాటుతో రైతు మృతి" అని పేపర్లో చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. రైతుకు జరిగిన అన్యాయం గురించి మాట్లాడేవాళ్లు ఎలాగూ ఉంటారు. నా బాధ పాము గురించి. పదిమంది కష్టపడి చేసిన పనికి ఒక్కదాని పేరే వేయడం ఏం న్యాయం? గట్టు మీద పాము చేసేది అరక్షణం పని. కాటేసింది, పొదలోకి పోయింది. ఆ తరవాత గంటల తరబడి నడవాల్సిన కార్యక్రమమంతా మనుషులదే. అందులో ఊరికి వాటా ఉంది, ఆసుపత్రికి వాటా ఉంది, కరెంటుకు ఉంది, కాగితాలకు ఉంది. ఈ వాటాలు ఎవరో ఒకరు తేల్చాలి. మా ఇంట్లో పొలం పంపకాల కేసు మూడో తరంలో నడుస్తోంది కాబట్టి, ఆ అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

ముందు పాము వాటా. మన దేశంలో సుమారు 300 జాతుల పాములుంటే, మనుషుల ప్రాణాలు ఎక్కువగా తీసేవి నాలుగే: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. వీటిలో మూడు చాలా పద్ధతైనవి. నాగుపాము పడగ విప్పి నోటీసిస్తుంది. రక్తపింజర ప్రెషర్ కుక్కర్‌లా బుసకొడుతుంది. చిన్నపింజర ఒళ్లు ఒంటికి రాసుకుని గరగరమని చప్పుడు చేస్తుంది. ఏ ప్రభుత్వ శాఖా మనకు ఇంత మర్యాదగా ముందు చెప్పి రాదు. కట్లపాము ఒక్కటే నోటీసు లేని రకం. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది, కరిస్తే చీమ కుట్టినంత కూడా తెలియకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. ఇంట్లోవాళ్లు "రాత్రి తిన్నది అరగలేదు" అని వామునీళ్లు తాగించి మళ్లీ పడుకోబెడతారు. ఈ కేసుల్లో వాముకు కూడా కొంత వాటా రాయాలి.

మిగతా వాటాలు నాకు అర్థమైంది మా బాబాయి వల్ల. ఆయనది దివిసీమలో ఓ ఊరు. రెండేళ్ల కిందట కోతల రోజుల్లో తుఫాను కబురొచ్చింది. పొలంలో ఆరేసిన పనలు తడిసిపోతాయని మనుషులంతా చీకటి పడుతున్నా ఆపకుండా ఎత్తుతున్నారు. ఒక పన కింద రక్తపింజర పడుకుని ఉంది. బాబాయి చెయ్యి పెట్టాడు. దాని వాటా అక్కడితో సరి.

ఇక ఊరి వంతు. పొలంలో ఉన్న పన్నెండుమందిలో ఆరుగురు పాము వెంట పరిగెత్తారు. కరిచిన పామును చంపి తీరాలి, లేకపోతే అది పగబట్టి ఇంటికొస్తుంది. మా ఊళ్లో అన్నదమ్ములే ఒకరి ఇల్లు ఒకరు మరిచిపోయి ఇరవై ఏళ్లయింది గానీ, పాముకు మాత్రం డోర్ నంబరుతో సహా గుర్తుంటుందని నమ్మకం. ఆ ఆరుగురూ పావుగంట వెతికి, కాలవ పక్కన ఓ పామును పట్టి, చచ్చేదాకా కొట్టి, యూరియా సంచిలో వేసుకుని వచ్చారు. పాముల్ని చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం మా ఊరి దాకా రాలేదు. బస్సే సరిగ్గా రాదు.

మిగిలిన ఆరుగురు వైద్యం మొదలుపెట్టారు. ఒకాయన మణికట్టు పైన తువ్వాలు కట్టాడు. ఇంకొకాయన అది చాలదని మోచేతి పైన పనలు కట్టే తాడు బిగించాడు. మూడో ఆయనకు మొదటి ఇద్దరితో మాటల్లేవు, అందుకని భుజం దగ్గర తన కట్టు తాను వేరే కట్టాడు. అలా బిగించి కడితే చెయ్యి చచ్చుబడుతుందని, పింజర కాటులో కండ మరింత పాడవుతుందని, విషం ఎలాగూ ఆగదని డాక్టర్లు చెప్పి చెప్పి అలసిపోయారు. చెయ్యి కదలకుండా పెట్టి తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్లమంటారు. కానీ కదలకుండా ఉంచడంలో చూసేవాళ్లకు పని ఏముంది? మన ఊళ్లో ఆపద వస్తే ప్రతివాడికీ ఏదో ఒకటి బిగించాలనిపిస్తుంది.

తరవాత పరీక్ష. బాబాయి చేత పచ్చిమిరపకాయ నమిలించారు. కారం తెలియకపోతే విషం ఎక్కినట్టు లెక్క. బాబాయి రోజూ మజ్జిగన్నంలో అరడజను మిరపకాయలు నంజుకునే మనిషి. "కారం లేదే" అన్నాడు. అంతే, గట్టు మీద ఏడుపులు మొదలయ్యాయి. ఆ ఏడుపులు విని, అంతవరకూ ధైర్యంగానే ఉన్న బాబాయికి కళ్లు తిరిగాయి. చూశారా, విషం ఎక్కేసిందన్నారు.

అక్కడి నుంచి బండి ఆసుపత్రి వైపు తిరగాలి. పక్కూరి వైపు తిరిగింది. అక్కడ మంత్రం వేసే పెద్దాయన ఉన్నాడు. ఆయన్ని తేలిగ్గా తీసేయకండి. ఆయన సక్సెస్ రేటు హైదరాబాదులో ఏ కార్పొరేట్ ఆసుపత్రికీ లేదు. దానికి కారణం కూడా ఉంది. ఊళ్లో మనుషుల్ని కరిచే పాముల్లో చాలావాటికి అసలు విషమే ఉండదు. విషమున్న పాము కరిచినా ప్రతిసారీ విషం దించదు. ఆ కేసులన్నీ మంత్రానికి లొంగుతాయి. లొంగనివాటికి "ఆలస్యంగా తెచ్చారు" అనే మాట సిద్ధంగా ఉంటుంది. ఈ మాట కనిపెట్టింది మంత్రగాళ్లా, డాక్టర్లా అనేది ఇంకా తేలలేదు. పూర్వం ఒక స్టేషన్ మాస్టరుగారికి టెలిగ్రాం కొడితే చాలు, ఎక్కడున్నవాళ్లకైనా పాము విషం దిగేదని మా తాతయ్య చెప్పేవాడు. ఈనాటి డాక్టర్లు వీడియో కాల్‌లో జ్వరానికి మాత్ర రాసి, అదేదో కొత్తగా కనిపెట్టినట్టు టెలిమెడిసిన్ అంటున్నారు.

పెద్దాయన విభూతి పెట్టి, వేపమండతో దించి, నలభై నిమిషాలు మంత్రం వేశాడు. ఈలోగా బాబాయి చెయ్యి మోచేతి దాకా వాచి, చిగుళ్ల నుంచి రక్తం కారడం మొదలైంది. అప్పుడు ఆ పెద్దాయనే "ఇది నా చేతిలో లేదు, ఆసుపత్రికి పట్టుకెళ్లండి" అన్నాడు. ఆ మాట కోసం ఆయనకు నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను. ఆ సాయంత్రం మొత్తమ్మీద తన హద్దు తెలిసి మాట్లాడినవాడు ఆయనొక్కడే.

దగ్గర్లోని ఆసుపత్రి పేరు ఎందుకు లెండి. అక్కడ మందు ఉంది. ఫ్రిజ్‌లో, వరసగా, లేబుళ్లు మన వైపు తిప్పి పెట్టి ఉంది. లేనిది ఎక్కించే ధైర్యం. పాము విషం విరుగుడు కొందరికి పడదు, ఒళ్లంతా దద్దుర్లు వచ్చి బీపీ పడిపోవచ్చు, అప్పుడు అడ్రినలిన్ ఇవ్వాలి. అది కూడా ఆ ఫ్రిజ్ పక్కన బల్ల మీదే ఉంది. కానీ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మా గుంపును చూశాడు. పన్నెండుమంది, చేతుల్లో కర్రలు, భుజాన యూరియా సంచి. రియాక్షన్ వస్తే తన గతేమిటో ఆయనకు అర్థమైంది. పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. ఆ చీటీ రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మన ప్రజారోగ్య వ్యవస్థలో అత్యంత వేగంగా అందే సేవ అదొక్కటే. ఆ డాక్టరు వాటా ఎంతో రాద్దామనుకున్నాను గానీ, అందులో మా కర్రల వాటా ఎంతో తేలక వదిలేశాను.

పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ బాబాయి రక్తం కాస్త గాజు గొట్టంలో తీసి, కదపకుండా బల్ల మీద పెట్టి గడియారం చూసింది. ఇరవై నిమిషాల తరవాత వంచితే నీళ్లలా జారింది. గడ్డకట్టలేదు, అంటే పింజర విషం రక్తంలోకి ఎక్కినట్టే. ఇంత పెద్ద పరీక్షకు ఒక గాజు గొట్టం, ఒక గడియారం చాలని తెలిసి మా వాళ్లకు ఆసుపత్రి మీద గౌరవం తగ్గింది. విరుగుడు మందు పది సీసాలు సెలైన్లో కలిపి ఎక్కించడం మొదలుపెట్టారు. అప్పుడు మా పిన్ని, అంతదూరం మోసుకొచ్చింది వృథా కాకూడదని, "అమ్మా, ఇదిగో కరిచింది ఇదే" అంటూ సంచి విప్పింది. మందు ఒక్కటే, నాలుగు పాములకూ అదే పనిచేస్తుంది, పామును మోసుకురావాల్సిన పనే లేదు. అది చెప్పేలోపే సంచిలోది కదిలింది. వార్డులో మూడు రోజులుగా మంచం దిగలేనివాళ్లు కూడా లేచి వరండాలోకి నడిచారు. ఆ రాత్రి అక్కడ జరిగిన అతి పెద్ద వైద్యం అదే. తీరా చూస్తే అది నీరుకట్టె. పాపం, కప్పలు తిని బతికే జీవి. దాని చావుకు ఎవరెవరి వాటా ఎంతో వేరే వ్యాసంలో రాస్తాను.

ఇప్పుడు కాగితాల వాటా. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏటా సగటున 58 వేల మంది అని, ఇంటింటి మరణాల సర్వేల మీద చేసిన అధ్యయనం 2020లో తేల్చింది. ఎక్కువ మరణాలు జరిగిన ఎనిమిది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, అప్పటి లెక్కల్లో తెలంగాణ కూడా అందులోనే. కేంద్ర ప్రభుత్వం దగ్గర చేరిన 2016–2020 నివేదికల ప్రకారం మాత్రం ఏటా చనిపోయింది సుమారు 2 వేల మంది. మిగతా 56 వేల మంది పొలంలోనో, మంత్రగాడి అరుగు మీదో, ఆటోలోనో చనిపోయారు. రిజిస్టరు ఉన్న చోట చనిపోలేదు. చచ్చేటప్పుడు కూడా జాగ్రత్త లేని జనం.

ఈ లోటును పూడ్చడానికి మధ్యప్రదేశ్‌లోని సివనీ జిల్లాలో కొందరు చాలా శ్రమించారు. అక్కడ పాముకాటు మరణానికి 4 లక్షల పరిహారం. కాగితాల మీద ఒకే మనిషిని ఇరవైసార్లకు పైగా పాముచేత కరిపించి, చంపి, మళ్లీ లేపి, మళ్లీ చంపి, ఇలాంటి పేర్లు మరికొన్ని కలిపి మొత్తం 11 కోట్ల రూపాయలకు పైగా ఖజానా నుంచి లాగారని 2025లో బయటపడింది. ఒక పక్క చచ్చినా లెక్కలోకి రానివాళ్లు, ఇంకో పక్క ఒక్కడే పాతికసార్లు చచ్చినవాడు. సగటు తీస్తే ఎక్కడో సరిపోతుంది.

2024 మార్చిలో కేంద్రం ఓ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. 2030 నాటికి పాముకాటు మరణాలు సగానికి తగ్గాలట. చాలా మంచి మాట. నాకున్న సందేహం ఒక్కటే. 58 వేలలో సగమా, 2 వేలలో సగమా? రెండోదైతే ఇంకో వెయ్యిమందిని ఆటోల్లోకి ఎక్కించగలిగితే చాలు.

కరెంటు వాటా క్లుప్తంగా. మెట్ట ప్రాంతాల్లో ఏళ్ల తరబడి వ్యవసాయ మోటార్లకు కరెంటు రాత్రిపూటే ఇచ్చారు. పాము తిరిగేదీ రాత్రే. ఇద్దరికీ ఒకే షిఫ్టు వేసి, మధ్యలో టార్చిలైటు కొనుక్కునే బాధ్యత రైతుకు వదిలేశారు.

దైవం వాటా రాయకపోతే మా పిన్ని ఊరుకోదు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు వరసపెట్టి జరిగినప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుళ్లో సర్పశాంతి యాగం చేశారు. వానకు నీళ్లు నిండి కలుగులు మునిగితే, పాములు పొడినేల వెతుక్కుంటూ గట్ల మీదికి, ఇళ్లలోకి వస్తాయి. వాటికి కావలసింది శాంతో, గట్టునేలో పాముల్నే అడగాలి. వేడుకున్నది మాత్రం స్వామిని.

బాబాయి తొమ్మిదో రోజున ఇంటికొచ్చాడు. చెయ్యి దక్కింది, మూత్రపిండాలు దక్కాయి. ఆ తరవాత ఊళ్లో జరిగిందే అసలు పంపకం. మొదటి కట్టు కట్టినాయన తన తువ్వాలు వల్లే బతికాడన్నాడు. మంత్రం సగం పని చేసిందన్నారు కొందరు. పిన్ని మోపిదేవిలో తలనీలాలిచ్చింది. "అది ముసలి పాము, విషం అయిపోయి ఉంటుంది" అని ఇంకొకాయన ఆ పామునే చిన్నబుచ్చాడు. ఆ మందు ఎక్కడిదో మాత్రం ఎవరూ అడగలేదు. చెన్నై దగ్గర ఇరులర్లనే గిరిజనులు పాముల్ని పట్టి, కోరల నుంచి విషం పిండి, మళ్లీ వదిలేస్తారు. వాళ్ల సహకార సంఘం 1978 నుంచి ఆ పని మీదే ఉంది. ఆ విషం కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తే, వాటి రక్తంలో పుట్టిన విరుగుడే ఆ సీసాల్లోది. తమిళ పింజర విషంతో చేసిన మందు మన తెలుగు పింజర మీద కాస్త తక్కువగా పనిచేయవచ్చని కూడా అంటారు. అయినా చేసింది. ఆ మరుసటి ఏడు నాగులచవితికి మా ఇంటిల్లిపాదీ, చెదపురుగులు కట్టిన పుట్టలో, పాము తాగని పాలు పోసి వచ్చారు. గుర్రానికి గుప్పెడు ఉలవగుగ్గిళ్లు పెట్టాలని ఒక్కరికీ తోచలేదు.

నేను మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, ఒక మంచి టార్చిలైటు కొనిచ్చి వచ్చాను. మొన్న పండక్కి వెళితే బూట్లు చూరు కింద మేకుకు వేలాడుతున్నాయి. కుడి బూటులో టార్చిలైటు, దాని పెట్టెలోనే, భద్రంగా ఉంది. బాబాయి చీకట్లో, వట్టి కాళ్లతో, కాలవ గట్టు మీంచి నడిచొస్తున్నాడు.

"అదేంటి బాబాయ్?" అన్నాను.

"బురదలో దిగబడిపోతున్నాయిరా అబ్బాయ్, అడుగు తీసి అడుగు వెయ్యనివ్వవు" అన్నాడు. నా మొహం చూసి ఓదార్పుగా భుజం తట్టాడు. "అయినా నాకెందుకురా భయం? నా వాటా నేను తీసేసుకున్నాగా. ఇంక కరిస్తే ఇంకోళ్లనే."

పక్కనే కాళ్లు కడుక్కుంటున్న పాలేరు కుర్రాడు తల పైకెత్తి చూశాడు.