ఇల్లు పీకి పందిరి

విక్టోరియా రాణి కాలపు ఆడవాళ్ల పత్రికలు సేకరించేవాళ్లకు ఒక చాదస్తం ఉంది. పత్రిక మొత్తంగా ఉండాలంటారు. ఈ వెనకబాటుతనాన్ని, బొమ్మల పేజీలు కోసి విడివిడిగా అమ్మే కత్తెర వ్యాపారులు ఎంతో ఓర్పుతో సంస్కరిస్తున్నారు.

ఫిలడెల్ఫియా నుంచి 1830లో మొదలైన గోడీస్ లేడీస్ బుక్‌నే తీసుకోండి. 1850ల నాటి అర్ధసంవత్సరం బైండులో సాధారణంగా నెలకొకటి చొప్పున చేతితో రంగులద్దిన ఫ్యాషన్ ప్లేట్లు, అంటే గౌన్ల బొమ్మల పేజీలు, ఉంటాయి. కోస్తే ఆరు ఫ్రేములు, ఆరు బేరాలు. మిగిలేవి వంటలు, అల్లికలు, ఇళ్ల నమూనాలు, కథలు. 1846 నవంబరు సంచికలో ఎడ్గార్ ఆలన్ పో కథ తొలిసారి అచ్చయింది. అయితేనేం, దానికి గౌను లేదు కదా!

రంగులద్దింది ఆడవాళ్లే, ఒక్కో ప్రతికీ విడివిడిగా. అందుకే ఒకే నెల ప్లేటులో అదే గౌను ఒక ప్రతిలో గులాబీ, ఇంకో ప్రతిలో నీలం. రెండూ అసలువే. నకిలీ సంగతి వేరు. నలుపు తెలుపు బొమ్మకి నిన్నగాక మొన్న పూసిన రంగు పాత చిరుగుల అంచుల్లోకి ఇంకిపోతుంది, భూతద్దంలో దొరికిపోతుంది. వరసగా చుక్కలు కనిపిస్తే అది ఈ కాలపు అచ్చు. ఫ్రేములో బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చేసే మేలు ఇంకొకటుంది: అడుగున అచ్చయిన పత్రిక పేరూ నెలా దాని కింద దాక్కుంటాయి. అప్పుడు వెనక ఎత్తు పెట్టిన 1870ల గౌనుకు నిశ్చింతగా '1840' అని చీటీ అంటించవచ్చు.

1860ల్లో కొన్ని ప్లేట్లు మడతపెట్టి కుట్టారు. అంత వెడల్పు లంగాలు పేజీలో ఎలా పడతాయి మరి? తెరిచి మూసిన కొద్దీ మడత చిట్లుతుంది. పాతకాలం వాళ్లయితే జపాను పల్చటి కాగితం, గోధుమ గంజి అంటారు. మనం సెల్లోటేపు వేద్దాం. కొన్నేళ్లకు జిగురు పసుపై కాగితంలోకి దిగి, గౌనుకు ఉచితంగా జరీ అంచు వస్తుంది. ల్యామినేషన్ ఇంకా శ్రేష్ఠం, తర్వాత ఎవడూ విప్పలేడు.

లండన్‌లో శామ్యూల్ బీటన్ 1852లో రెండు పెన్నీలకు మొదలుపెట్టిన ఇంగ్లిష్‌వుమన్స్ డొమెస్టిక్ మ్యాగజీన్ 1860లో ఆరు పెన్నీలైంది. రంగు ప్లేటు, కుట్టు నమూనాల కాగితం తోడయ్యాయి. ఆ నమూనాలు దొరకడమే గగనం. ఇంటావిడ తీసి నిజంగానే గౌను కుట్టుకుంది! ఇలాంటి దుర్వినియోగాన్ని క్షమించడం కష్టం.

ఇక కోసిన బైండు పారేయనక్కర్లేదు. 'ప్లేట్లు తప్ప సంపూర్ణం' అని అమ్మవచ్చు. కుట్టు దగ్గర కోసిన పేజీల సన్నటి కాగితపు మొదళ్లు లెక్కపెట్టే కొనుగోలుదారులు మాత్రం ప్రమాదకరం. వాళ్లకు ఎదుటి పేజీ చూపించండి: నూటయాభై ఏళ్లు ఒత్తుకుని ఉన్న ప్లేటు తాలూకు మసక నీడ అక్కడ దిగే ఉంటుంది. గౌను లేదు, గౌను దెయ్యం ఉంది. దానికీ ఓ ధర చెప్పవచ్చు.