స్ట్రాప్‌కి స్పాంజి అక్కర్లేదండీ బాబూ!

మంగలి కత్తికి ఇంట్లోనే తోలు స్ట్రాప్ (రాయి మీద నూరాక కత్తిని చివరగా రుద్దే, చెక్కకి అతికించిన తోలు పట్టీ) చేసుకునేవాళ్లు ఈమధ్య కనిపిస్తున్నారు. సంతోషం. కానీ చెక్కకీ తోలుకీ మధ్య ఏం వేయాలని ఒకరు అడిగితే చాలు, ఉచిత సలహాలకి కొదవే లేదు. పాత యోగా మ్యాట్ కోసెయ్యండి, మౌస్ ప్యాడ్ అతికించండి, సోఫా స్పాంజైతే ఇంకా మెత్తగా ఉంటుంది! ఎంత మెత్తగా ఉంటే అంత పదునని ఎవరు చెప్పారు స్వామీ?

ఆ కత్తి వీపు అంత మందంగా ఎందుకుందో ఒక్కసారి చూడండి. వీపూ అంచూ రెండూ తోలుకి ఆనిస్తే కోణం దానంతటదే కుదురుతుంది. రెండు వైపులా కలిపి సుమారు 16, 17 డిగ్రీలు. కింద స్పాంజి వేస్తే కత్తి దిగబడుతుంది. మనం వీపు ముందు, అంచు వెనక ఉండేలా లాగుతాం కదా, అణిగిన తోలు అంచు దాటగానే పైకి లేచి సరిగ్గా పదును కొసని రుద్దుతుంది. రాయి మీద గంటసేపు నూరి తెచ్చుకున్న కొస కాస్తా గుండ్రబడుతుంది. పరుపు మీద పెట్టి ఉల్లిపాయలు తరిగే తెలివి ఇది.

"వేలాడదీసే తోలు పట్టా కూడా వంగుతుందిగా?" అని వాదన. వంగుతుంది. అందుకే దాన్ని బిగించి లాగి పట్టుకుంటారు. ఇప్పుడు సెలూన్లన్నీ బ్లేడుకి మారాయి కాబట్టి ఆ బిగువు చూసినవాళ్లే తక్కువ.

అసలు ఈ మెత్త దేనికి? చెక్కలోనో తోలులోనో చిన్న ఎగుడుదిగుడుంటే సర్దుకోవడానికి, చేతి బరువు కాస్త ఎక్కువైతే ఓర్చుకోవడానికి. అంతకుమించి ఏం లేదు. బెరడుతో శుద్ధి చేసిన తోలు (ఒకప్పుడు మద్రాసు వైపు మన తంగేడు బెరడే వాడేవారు) 3 మిల్లీమీటర్ల మందం ఉంటే, అదే మెత్త. చదునైన చెక్కకి నేరుగా అతికించేయండి. జాకెట్లు కుట్టే క్రోమ్ తోలు (క్రోమియం లవణాలతో శుద్ధి చేసింది) అసలే సాగుతుంది. దాని కింద మళ్లీ స్పాంజా!

తోలు మరీ పల్చనైతే నా ఓటు 2 మిల్లీమీటర్ల కార్క్ షీటుకే. సన్న రవ్వది తీసుకోండి, ముతకదైతే గింజలు తోలు పైకి తేలతాయి. గట్టి ఉన్ని ఫెల్ట్ (ఉన్నిని అదిమి చేసిన దళసరి గుడ్డ) కూడా పరవాలేదు. పల్చటి నియోప్రీన్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) కూడా నొక్కి వదిలితే వెంటనే లేస్తుంది. చౌక ఫోమ్ కొన్నాళ్లకి మధ్యలో అణిగిపోయి అలాగే ఉండిపోతుంది. కొట్లోనే బొటనవేలు గోరుతో నొక్కి చూడండి: గుంట అక్కడే నిలిచిపోతే ఆ ముక్క అక్కడే వదిలేసి రండి.

జిగురు సంగతి కూడా చెప్పాలి. నీళ్లుండే తెల్ల జిగురు పల్చటి తోలుని తడిపి అలలు తేలుస్తుంది. చెప్పులు బాగుచేసేవాళ్లు వాడే గమ్ము రెండు వైపులా పల్చగా రాసి, వేలికి అంటనంతగా ఆరాక ఒక్కసారే ఆనించాలి. వంకరగా పడితే మళ్లీ జరపలేరు. పైన చపాతీ కర్ర దొర్లిస్తే గాలి బుడగలు పోతాయి. ఇక థర్మోకోల్ వేద్దామనే మేధావులకి నేను చెప్పక్కర్లేదు, ఆ గమ్మే చెబుతుంది. రాసిన చోటల్లా కరిగి కూర్చుంటుంది.