కొలవని బిడ్డకు ఈ బరువు ఎక్కడిది?

గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో, కూలీలు ఎక్కువగా ఉండే పేటలో ఒక అంగన్‌వాడీ కేంద్రం. దాని పేరు రాయడం లేదు. రాస్తే ఒక్క టీచరు మీద వేటు వేసి చేతులు దులుపుకుంటారు. కాయల తొడిమలు తీసే పనికి పోయే తల్లి ఏడాదిన్నర పాపను చంకనేసుకుని వచ్చింది. రిజిస్టరులో ఆ పాప బరువు మూడు నెలలుగా 8.6, 8.8, 9 కిలోలు. నెలకు సరిగ్గా 200 గ్రాములు! బరువు మిషన్ మాత్రం బ్యాటరీ లేక బీరువా మీద దుమ్ము కొట్టుకుని ఉంది. మా విలేకరి అడిగితే టీచరు టేపు తీసి పాప ఎడమ జబ్బ చుట్టూ పెట్టింది. 11.2 సెంటీమీటర్లు. టేపు మీద అది ఎర్ర రంగు.

ఆరు నెలలు దాటిన, ఐదేళ్లలోపు బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే అది తీవ్ర పోషకాహార లోపం, అంటే సామ్. ఆ బిడ్డ ప్రాణానికే ముప్పు. కానీ కాగితం మీద ఈ పాప బాగుంది. కాగితం మీద బాగున్న పాపను ఎవరూ ఎన్‌ఆర్‌సీకి, అంటే పోషకాహార పునరావాస కేంద్రానికి, పంపరు, ఇంటికెళ్లి అన్నం తింటోందా అని అడగరు. అంచనాగా రాసిన అంకె బిడ్డను జాబితా నుంచి మాయం చేస్తుంది. మా భయమంతా అదే.

టీచర్లకు సర్వేలు, యాప్‌లు, మీటింగులతో ఊపిరాడడం లేదన్నది నిజమే. అందుకని కొలవకుండా రాయడం అలవాటైపోవాలా?

కొలవడం తేలికైన పని కాదు. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి పొడవు చూడాలి. ఒకరు తల కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్లు నొక్కి పాదాలకు పలక ఆనించాలి. పొడవు ఒక సెంటీమీటరు తక్కువ పడితే చాలు, బక్కచిక్కిన బిడ్డ పొడవుకు తగ్గ బరువున్నట్టే లెక్క తేలవచ్చు. పాదాలకు నీరు పట్టిన బిడ్డ అయితే ఆ నీటి బరువూ కలిసి అంకె మోసం చేస్తుంది. ఒళ్లు దగ్గర పెట్టుకుని కొలిస్తేనే ఇన్ని పొరపాట్లు జరుగుతాయి. అసలు కొలవకుండా రాసే అంకెకు విలువేముంది?

2019-20లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే సిబ్బంది కొలిచి చూస్తే మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు 16.1 శాతం. అంగన్‌వాడీల కొలతలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో అంతకంటే మంచి అంకెలు చూపించి మురిసిపోయే ముందు, వాటిలో కొలిచినవెన్నో, అంచనా వేసినవెన్నో అధికారులు చెప్పాలి.

ఆ పాపను ఎన్‌ఆర్‌సీకి పంపుతానని టీచరు అంది. పంపాలంటే పాత అంకె మార్చాలి, పైవాళ్లు ఏమంటారోనని ఆమెకు టెన్షన్. ఆ పైవాళ్లకు ఒకటే మాట: మిషన్‌లో బ్యాటరీ వేయించండి. వేయించాక ఆమెను అడగండి.