ఎగరనిదానికి టికెట్టా?

వేసవి వచ్చిందంటే సియాటిల్ చుట్టుపక్కల కాపురముంటున్న తెలుగువారి మీద ఒక బాధ్యత పడుతుంది. ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులకు, అత్తమామలకు స్పేస్ నీడిల్ చూపించి, కాస్ట్‌కో కూడా చూపించిన తరువాత, మిగిలిపోయిన శనివారం నాడు బోయింగ్ ఫీల్డ్ దగ్గరున్న మ్యూజియం ఆఫ్ ఫ్లైట్‌కు తీసుకువెళతారు. అక్కడున్న స్పేస్ షటిల్ (రాకెట్టులా లేచి విమానంలా దిగే అంతరిక్ష వాహనం) శిక్షణ నమూనాను ముక్కు నుంచి తోక దాకా పరికించి ప్రతి తెలుగు పెద్దమనిషీ, ఆ మాటకొస్తే ప్రతి దేశపు పెద్దమనిషీ, తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇది పైకి వెళ్ళొచ్చిందా?" లేదని గైడు చెప్పగానే, మోసపోయానన్న బాధా, మోసాన్ని సకాలంలో పసిగట్టానన్న గర్వమూ ఆ ముఖంలో ఒకేసారి వెలుగుతాయి.

నేరం రుజువైనట్టే గనుక ముద్దాయి వివరాలు కూడా నమోదు చేద్దాం. పేరు ఫుల్ ఫ్యూజిలాజ్ ట్రైనర్. పుట్టింది 1970లలో. ఒంట్లో చాలా భాగం ప్లైవుడ్డు. రెక్కలు అసలే లేవు. హ్యూస్టన్‌లోని జాన్సన్ స్పేస్ సెంటర్‌లో దశాబ్దాలపాటు నిలబడి, షటిల్‌లో వెళ్ళవలసిన వ్యోమగాములను ఎక్కించుకుని, దించి, మళ్ళీ ఎక్కించుకోవడం తప్ప జీవితంలో ఇది సాధించినదేమీ లేదు. షటిల్‌లో అంతరిక్షానికి వెళ్ళినవారందరూ దీనిలో తర్ఫీదు పొందినవారేనన్నది నిజమే గాని, టికెట్టు కొన్నవాడికి అదేం లెక్క?

సియాటిల్ వారిదీ తప్పే. అసలు షటిల్ తమకే వస్తుందన్న ఆశతో ముందుగానే పెద్ద హాలు కట్టడం మొదలుపెట్టారు. 2011 ఏప్రిల్ 12న నాసా అధిపతి చార్ల్స్ బోల్డెన్, పని ముగిస్తున్న షటిళ్ళ పంపకాలు ప్రకటించినప్పుడు డిస్కవరీ వాషింగ్టన్ శివార్లకు, అట్లాంటిస్ ఫ్లోరిడాకు, ఎండీవర్ లాస్ ఏంజెలెస్‌కు, ఎంటర్‌ప్రైజ్ న్యూయార్క్‌కు దక్కాయి. పందిరి వేసి, బంధువులను పిలిచి, పెళ్ళికొడుకు మరో ఊరి సంబంధం చేసుకున్నాడని కబురు అందుకున్న ఇల్లులా ఉన్న ఆ హాలుకు, ఈ చెక్క వాహనాన్ని ముక్కలుగా విడదీసి పంపారు. వ్యోమగాములు కూర్చునే ముందు భాగం 2012 జూన్ 30న సూపర్ గప్పీ అనే ఉబ్బుపొట్ట విమానంలో వచ్చి దిగింది. అంటే ఎప్పుడూ ఎగరలేదన్న ఆరోపణ కూడా పూర్తిగా నిలవదు. సామానుగానైనా సరే, ఎగిరింది.

ఒక మామగారిని మాత్రం మరచిపోలేను. ఈ నమూనాలోని సరుకు గది అరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు ఉంటుంది. అసలు షటిల్‌లో ఇదే కొలతల గదిలో హబుల్ టెలిస్కోపు 1990లో అంతరిక్షానికి వెళ్ళింది. ఆ గదిలో నిలబడి ఆయన వేలి కణుపుతో గోడమీద రెండుసార్లు కొట్టి, చెవి దగ్గర పెట్టి విని, "అల్లుడుగారూ, ఇది చెక్కండీ" అన్నారు. అవునండీ అన్నాడు అల్లుడు. "టేకు కూడా కాదు." కాదండీ. "మన కాకినాడలో అయితే దీనికి సన్‌మైకా అయినా అంటించేవాళ్ళు." అక్కడితో ఆగకుండా, ఎన్ని షీట్లు పట్టి ఉంటాయి, మేస్త్రీకి కూలి ఎంత పడి ఉంటుంది, మిగిలిన ముక్కలతో వంటింటి అరలు ఎన్ని చేయించుకోవచ్చు అని గణితం సాగించారు. చుట్టూ ఉన్న తెలుగువారందరూ ఆ లెక్క సరిచూశారే తప్ప, ఈ చెక్క లోపల ఎవరు ఏం నేర్చుకున్నారని ఒక్కరూ అడగలేదు.

ఇలాంటివారికి అసలు సరుకు కావాలంటే న్యూయార్క్ వెళ్ళవచ్చు. అక్కడ యుద్ధనౌక మీద కొలువుదీరిన ఎంటర్‌ప్రైజ్ లోహంతో చేసినది, రెక్కలున్నది, పేరున్నది. 1977లో దాన్ని బోయింగ్ 747 వీపు మీద నుంచి గాలిలో వదిలిపెట్టి ఐదుసార్లు నేలకు దింపి పరీక్షించారు. అంతరిక్షం ముఖం మాత్రం అదీ చూడలేదు. అయినా అక్కడ గోడమీద కణుపుతో కొట్టేవారు తక్కువ, ఎందుకంటే లోహం మోగుతుంది, మోగేదంతా అసలే.

కనుక నేను నాసావారికి ఒక వినయపూర్వకమైన ప్రతిపాదన చేస్తున్నాను. ఈ చెక్క వాహనాన్ని ఏదైనా రాకెట్టు నెత్తిన కట్టి, ఒక్కసారి పైకి పంపి తిరిగి రప్పించాలి. తిరుగు ప్రయాణంలో షటిల్ ముక్కు, రెక్కల అంచులు సుమారు 1,650 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కేవి గనుక, మన మామగారి ప్లైవుడ్డు పరిస్థితి ఊహించుకోవచ్చు. దొరికినంత బూడిదను ఏరి, గాజు పెట్టెలో పోసి, చుట్టూ తాడు కట్టి, ముట్టుకోరాదని పలక పెట్టాలి. అప్పుడు చూడండి వరుస! "నిజంగా పైకి వెళ్ళొచ్చిందట" అని తాతలు మనవలకు చెబుతారు, బూడిదతో సెల్ఫీలు దిగుతారు, గైడు అటు తిరిగినప్పుడు ఒక చిటికెడు నుదుట పెట్టుకునే భక్తులు కూడా మనవాళ్ళలో ఉంటారు. చెక్కగా ఉన్నప్పుడు దక్కని గౌరవం బూడిదకు దక్కుతుంది.

ఇంతవరకు రాసి చదువుకుంటే నాకు నవ్వు రాలేదు. నిజంగానే పైకి వెళ్ళి, తిరిగి వస్తూ ముక్కలైన అసలు వాహనం ఉంది. కొలంబియా. 2003 జనవరి 16న బయలుదేరిన 82 సెకన్లకు, ముప్పావు కిలో బరువున్న నురుగు ముక్క ఒకటి ఇంధన ట్యాంకు నుంచి ఊడి ఎడమ రెక్కను కొట్టింది. కొలంబియా కక్ష్యలో ఉండగానే రెక్కను ఫొటోలు తీయించమని ఇంజినీర్ల వైపు నుంచి మూడు వినతులు వెళ్ళాయి, ఒక్కటీ నెరవేరలేదు. నురుగు తగలడం మామూలే, దిగాక మరమ్మతు చేయించుకుందామన్నారు పెద్దలు. ఆ పెద్దలు కూర్చున్న కుర్చీలు అసలువే. బల్లలు అసలువే. హోదాలూ అసలువే. ఫిబ్రవరి 1న టెక్సాస్ ఆకాశంలో కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. ఆ ఏడుగురూ ఈ చెక్క మెట్లు ఎక్కి దిగినవారే. వారు నేర్చుకున్నదానిలో లోపమేమీ లేదు, దాన్ని వాడుకునే అవకాశమే వారికి దొరకలేదు. ప్రమాదానికి నురుగు ముక్క ఎంత కారణమో సంస్థలోని పనితీరూ అంతే కారణమని అదే ఏడాది ఆగస్టులో విచారణ బోర్డు రాసింది. పైకి వెళ్ళిందా లేదా అన్నదే గొప్పతనానికి కొలమానమైతే, వెళ్ళినదాన్ని క్షేమంగా దింపలేకపోయినవారిని ఏ గైడు ముందు నిలబెట్టి అడుగుతారు? వారిని అడగడానికి నోరు రాదు గాని, చెక్కను మాత్రం కణుపుతో కొట్టి పరీక్షిస్తారు!

ఈ చెక్క వాహనం పని మనుషులను పైకి పంపడం కాదు, బయటపడేయడం. నేలకు దిగిన షటిల్‌లో ప్రమాదం జరిగి పక్క తలుపు తెరుచుకోకపోతే, బరువైన నారింజరంగు దుస్తులతోనే, సీటు మీదికెక్కి, నెత్తిమీది కిటికీలోంచి పాకి, తాడు పట్టుకుని వాహనం పక్కగా నేలకు జారాలి. ఆ సాధన హ్యూస్టన్‌లో దీనిమీదే చేయించేవారు. వచ్చే వేసవిలో అతిథులను తీసుకువెళ్ళేవారు వాహనం పక్కన వారిని నిలబెట్టి, ఆ కిటికీ ఎంత ఎత్తున ఉందో తలెత్తి చూడమనండి. చూసిన తరువాత కూడా సన్‌మైకా సంగతి గుర్తుంటే, లెక్క నాకు పంపమనండి, సరిచూసి పెడతాను.