ఇంటికి చక్రాలున్నాయి, నేలకు యజమాని ఉన్నాడు

టెక్సాస్ నుంచి లూసియానా వైపు ఇంటర్‌స్టేట్ 10 మీద తరచూ తిరిగేవారికి ఎప్పుడో ఒకప్పుడు సగం ఇల్లు కనిపిస్తుంది. వెనక నుంచి చూస్తే మామూలు ఇల్లే. గోడ, కిటికీ, కిటికీకి ఇంకా తీయని తెర. పక్క వరుసలోకి వచ్చి చూస్తే ఆ వైపు గోడే ఉండదు. నిలువునా కోసిన పనసపండులా తెరుచుకున్న హాలు మీద తెల్లటి ప్లాస్టిక్ పట్టా బిగించి ఉంటుంది. గాలికి అది ఆగకుండా టపటపలాడుతుంటుంది. ముందొక పసుపు లైట్ల కారు, వెనకొకటి. రెండో సగం ఎక్కడో వెనక వస్తుంటుంది. మనవాళ్లు ఫొటో తీసి, ఇక్కడ ఇళ్లు కూడా రోడ్డెక్కుతాయంటూ బంధువుల గ్రూపులో పెడతారు. నేనూ ఒకసారి పెట్టాను. ఇప్పుడైతే పెట్టను. ఆ ఇంటివాళ్లు ఈ ప్రయాణానికి ఎంత అప్పు చేశారో అన్న ఆలోచనే ముందు వస్తుంది.

అమెరికాలో ఫ్యాక్టరీలో తయారై, శాశ్వత చాసీ, అంటే అడుగున ఉండే ఉక్కు చట్రం మీద వచ్చే ఈ ఇళ్లలో దాదాపు 2 కోట్ల మంది ఉంటున్నారు. జనం నోట ఇవి ఇప్పటికీ ‘మొబైల్ హోమ్’లే. ఆ పేరే పెద్ద అబద్ధం. ఫ్యాక్టరీ నుంచి మొదటి స్థలానికి వచ్చిన ప్రయాణమే చాలా ఇళ్లకు చివరి ప్రయాణం కూడా. స్థలంలో దింపాక టైర్లు, యాక్సిళ్లు ఊడదీసి పట్టుకుపోతారు. లాగడానికి ముందుండే కొక్కెం కూడా తరచూ పోతుంది. నాలుగు వైపులా అడుగున స్కర్టింగ్ కట్టేశాక ఆ ఇంటికి కాళ్లున్నాయని ఇంటివాళ్లే మరిచిపోతారు. అలాంటి ఇంటిని పదిహేనేళ్ల తర్వాత లేపి మరో రాష్ట్రానికి తీసుకెళ్లడమంటే సామాను సర్దుకుని ఊరు మారడం కాదు. లారీ ఉన్న తమ్ముడు, జాకీ ఉన్న స్నేహితుడు, ఒక శనివారం చాలనుకునేవారికి నేను చెప్పేది ఒక్కటే. ఈ పని తెలిసినవాడికే అప్పగించండి. తెలిసినవాడంటే పెద్ద బండి ఉన్నవాడని కాదు, కాగితం చదవగలిగినవాడని.

ఆ కాగితం ఇంట్లోనే ఉంటుంది. వంటగది అల్మరా తలుపు వెనకో, కరెంటు ప్యానెల్ దగ్గరో, పడకగది బీరువా గోడకో అతికించి ఉంటుంది. దాన్ని డేటా ప్లేట్ అంటారు. పేరుకు ప్లేటు, చూడబోతే కాగితం. తయారీదారు పేరు, వరుస సంఖ్య, తేదీ, వాటి కింద చిన్న చిన్న అమెరికా పటాలు. నూనె మరకలు పట్టి, అంచులు చిరిగి, ఎవరో దాని మీదే పాలవాడి లెక్కలా ఏవో అంకెలు రాసి ఉంటారు. ఇంటి జాతకం మాత్రం ఆ పటాల్లోనే ఉంది. ఈ ఇంటిని ఎంత గాలికి కట్టారు, కప్పు ఎంత మంచు మోస్తుంది, ఎంత చలికి పనికొస్తుందన్నది అక్కడే తేలుతుంది.

1992 ఆగస్టులో ఆండ్రూ తుపాను ఫ్లోరిడాను ఊడ్చేశాక కేంద్ర గృహనిర్మాణ శాఖ గాలి నిబంధనలను బిగించింది. 1994 నుంచి అవి అమలులో ఉన్నాయి. దేశాన్ని మూడు గాలి జోన్లుగా విడగొట్టారు. తీరానికి దూరంగా ఉండే మొదటి జోన్‌కు గంటకు 70 మైళ్ల గాలి లెక్క, రెండో జోన్‌కు 100, మూడో జోన్‌కు 110. ఎక్కువ గాలికి కట్టిన ఇంటిని తక్కువ గాలి ఉన్నచోట పెట్టుకోవచ్చు, తక్కువ గాలికి కట్టినదాన్ని ఎక్కువ గాలిలో పెట్టకూడదు. ఇప్పుడు జార్జియాలోని వాల్డోస్టాను చూడండి. అక్కడి నుంచి ఫ్లోరిడా సరిహద్దు ఇరవై మైళ్లు కూడా ఉండదు. వాల్డోస్టా మొదటి జోన్. ఫ్లోరిడాలో అడుగుపెడితే చాలు, మొదటి జోన్ అన్న మాటే లేదు. రాష్ట్రమంతా రెండోదో మూడోదో. మొదటి జోన్‌కు తయారైన ఇల్లు ఆ ఇరవై మైళ్లు దాటితే నిలబెట్టే హక్కే ఉండదు. గాలివాన రెండు వైపులా ఒకటే కావచ్చు, గీత మాత్రం గీతే. ఈ సంగతి లారీ ఎక్కించాక తెలిసినవాళ్లుంటారు. కప్పు సంగతీ అంతే. దక్షిణాదికి చదరపు అడుగుకు 20 పౌండ్ల బరువు మోసే కప్పు చాలు. మధ్య జోన్‌లో 30 కావాలి. అలాస్కాలో, మెయిన్ రాష్ట్రపు ఉత్తర కౌంటీల్లో 40 కావాలి. టెక్సాస్ కప్పు కింద మెయిన్ మంచులో పడుకోవడం కంటే కారులో పడుకోవడం మేలు.

ఇంకో తేదీ కూడా గుర్తుంచుకోవాలి: 1976 జూన్ 15. ఆ రోజు నుంచే ఈ ఇళ్లకు కేంద్ర ప్రమాణాలు వచ్చాయి. ఆ తర్వాత తయారైన ప్రతి భాగానికీ బయటి గోడ చివర ఎర్రటి చిన్న లోహపు రేకు ఉండాలి. అంతకుముందు తయారైనవాటిని చాలా కౌంటీలు, ఈ ఇళ్లకు స్థలాలు అద్దెకిచ్చే చాలా పార్కులు గడప తొక్కనివ్వవు. ఆ రేకు ఊడిపోయినా, గోడకు కొత్త పలకలు వేయించినప్పుడు మేస్త్రీ పీకేసినా ప్రభుత్వం మళ్లీ ఇవ్వదు. వరుస సంఖ్యతో వెతికి ధ్రువీకరణ లేఖ తెప్పించుకోవాలి. పని తెలిసినవాడు మొదటి రోజు ఇంటికొచ్చి చేసే పని ఇదే. ముందు అల్మరా తెరుస్తాడు, తర్వాత ఇంటి వెనక్కి వెళ్లి రేకు చూస్తాడు, ఆ తర్వాతే టార్చిలైటు పట్టుకుని ఇంటి అడుగుకు దూరుతాడు. బండి బేరం మొదట మాట్లాడేవాణ్ణి నమ్మకండి.

రోడ్డు సంగతి చాలామందికి తెలిసిందే కాబట్టి సాగదీయను. హైవే మీద మామూలు బండికి ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు దాకా అనుమతి. ఈ ఇళ్లు సాధారణంగా అంతకంటే చాలా వెడల్పు. అందుకే దారిలో ఎన్ని రాష్ట్రాలుంటే అన్ని పర్మిట్లు, ముందూ వెనకా నడిచే ఎస్కార్ట్ కార్లకు ఒక్కో రాష్ట్రానిది ఒక్కో లెక్క. పొద్దు పొడిచాక బయలుదేరి పొద్దుగూకేలోపు ఆగాలి, పండుగ రోజుల్లో కదలకూడదు. చాలాచోట్ల ఆస్తిపన్ను బకాయి లేదని కౌంటీ నుంచి కాగితం తేనిదే ఇల్లు గేటు దాటదు. అప్పుంటే అప్పిచ్చినవాడి అనుమతి కావాలి. ఇల్లు నేలతో కలిపి స్థిరాస్తిగా నమోదై ఉంటే బండికి ఉన్నట్టు విడిగా యాజమాన్య పత్రం (టైటిల్) మళ్లీ పుట్టించాలి. బండి తోలడం ఒక రోజు పని, బండి కదలడానికి కాగితాలు నెల పని.

రెండు సగాలుగా వచ్చే డబుల్ వైడ్ ఇల్లయితే మరో చిక్కు. రెండు సగాలు కలిసేచోటును ఈ వృత్తిలోవాళ్లు ‘మ్యారేజ్ లైన్’ అంటారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మన పెద్దలు ఈ రెండూ ఒకే గోడ దగ్గర కలుస్తాయని ఊహించి ఉండరు. కొత్తలో కలిపినంత సులువుగా తర్వాత విడదీయలేం. ఏళ్ల తరబడి ఒక సగం రెండంగుళాలు కుంగి ఉంటుంది. విడదీసి, వేరే రాష్ట్రంలో మళ్లీ కలిపేసరికి కప్పు గీత కలవదు, నేల కలవదు, తలుపు మూసుకోదు. మొదటి వానకు హాలు మధ్యలో బకెట్ పెట్టాల్సి వస్తుంది. లాగడం ఒక విద్య, దింపి దిమ్మెల మీద మట్టం చూసి, నేలలోకి యాంకర్లు దించి పట్టీలతో బిగించడం మరో విద్య. రెండూ ఒకడికే రావాలని లేదు. రెండింటికీ లైసెన్సు ఉందా, ధరలో రెండూ ఉన్నాయా అని అడగనివాడికి ఇల్లు గడ్డి మీద చక్రాలతో మిగులుతుంది.

ఇంత ఖర్చెందుకు, నిపుణులంటే దోపిడీయే కదా అనేవారి మాటలో కొంత నిజముంది. దూరం పోయే డబుల్ వైడ్‌కు పది వేల డాలర్లు దాటడం మామూలే. పాత ఇంటి విలువే అంతుండదు. నిజమే. అయితే దాని నుంచి తీయాల్సిన అర్థం తక్కువకు వచ్చేవాణ్ణి వెతుక్కోమని కాదు, ఆ ఇంటిని కదపవద్దని. ఆ మాట చెప్పే ధైర్యం బండి అద్దెకిచ్చేవాడికి ఉండదు. మంచి నిపుణుడికి ఉంటుంది. తనిఖీకి తీసుకున్న నాలుగు డబ్బులతో పదివేలు మిగిలిస్తాడు.

కాబట్టి రాష్ట్రం దాటే పని అప్పగించేముందు ఫెడరల్ రవాణా శాఖ ఇచ్చిన నంబరు అడగండి. రాష్ట్రం లోపల తిప్పడానికి ఉన్న అనుమతి సరిహద్దు దాటడానికి చాలదు. ఆ నంబరు చెల్లుబాటులో ఉందో లేదో, బీమా ఉందో లేదో ప్రభుత్వ సైటులో ఉచితంగా చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. మీ ఇంటి బీమా రోడ్డు మీద పనిచేస్తుందని అనుకోకండి. చాలా పాలసీలు ఇల్లు కదిలిన క్షణం నుంచి చేతులెత్తేస్తాయి. ప్రయాణానికి విడిగా తీసుకోవాలి. మన తెలుగు కుటుంబాలు న్యూజెర్సీ నుంచి డాలస్‌కు సామాను పంపేటప్పుడు ఫోనులో చెప్పిన ధరకు తలూపి, లారీ నిండాక రెట్టింపు కట్టిన కథలు మనకు కొత్త కాదు. అక్కడ పోయింది సోఫా. ఇక్కడ రోడ్డు మీద ఉన్నది ఇల్లే.

బేరం కుదిరేముందు ఎవరూ ఎత్తని ముచ్చట మరొకటి ఉంది. ఇల్లు ఒకసారి మొదటి స్థలం విడిచి మరో స్థలంలో నిలబడిందంటే, బ్యాంకుల నుంచి గృహరుణాలు కొనే పెద్ద సంస్థ ఫ్యానీ మే దాని మీద ఇచ్చిన రుణాన్ని కొనదు. ఒకచోట అమర్చిన ఇంటిని లేపి మరోచోట పెడితే నిబంధన ఒప్పుకోదు. అంటే రేపు మీరు అమ్మబోతే కొనేవాడికి మామూలు గృహరుణం దొరకడం కష్టం. నగదు ఉన్నవాడే రావాలి, నగదు ఉన్నవాడు బేరం ఆడతాడు. ఒక్క ప్రయాణంతో ఇంటి విలువ కాగితం మీద కూలిపోతుంది. కదిలే ఇల్లని పేరు పెట్టి, కదిలితే శిక్ష వేసే ఏర్పాటును ఏమనాలి?

ఇక్కడికొచ్చాక అసలు ప్రశ్న అడక్క తప్పదు. ఇంత తంటా పడి ఇంటిని ఎందుకు కదపాలనుకుంటారు? ఉద్యోగం, పిల్లలు, ఎండలు, అన్నీ కారణాలే. కానీ చాలామందిని తరిమేది స్థలం అద్దె. ఇల్లు తమది, దాని కింద నేల పార్కు యజమానిది. అద్దె పెరిగితే కోపమొస్తుంది, కోపమొస్తే ఇల్లు లేపుకుపోవాలనిపిస్తుంది. లేపడానికయ్యే ఖర్చు చూశాక కూర్చుంటారు. పార్కు యజమానికి కావాల్సిందీ అదే. ఈ వ్యాపారంలో పేరున్న పెట్టుబడిదారు ఫ్రాంక్ రోల్ఫ్ తన పార్కులను, కూర్చున్న బల్లలకే గొలుసులతో కట్టేసిన కస్టమర్లున్న వాఫుల్ హౌస్ హోటల్‌తో పోల్చాడు. దాపరికం లేని మాట. ఆ గొలుసు పేరు రవాణా ఖర్చు.

పెద్ద డబ్బు ఈ లెక్క ఎప్పుడో పసిగట్టింది. రియల్ ఎస్టేట్ పెట్టుబడిదారు శామ్ జెల్ కంపెనీ ఈక్విటీ లైఫ్‌స్టైల్ ప్రాపర్టీస్ పార్కులను మూటగట్టుకుని 1993లోనే స్టాక్ మార్కెట్‌కు వచ్చింది. 2003లో వారెన్ బఫెట్ బెర్క్‌షైర్ హాథవే ఈ ఇళ్లు తయారుచేసే క్లేటన్ హోమ్స్‌ను 170 కోట్ల డాలర్లకు కొనేసింది. అక్కడే ఇల్లు తయారీ, అక్కడే అమ్మకం, అక్కడే అప్పు కూడా. కారుకిచ్చినట్టు చరాస్తి కింద ఇచ్చే ఆ అప్పుకు వడ్డీ మామూలు గృహరుణం కంటే ఎక్కువ. ఇల్లు చరాస్తి అని రాసుకునేది అప్పిచ్చేటప్పుడే, కదపబోతే మాత్రం కొండ.

నేను పుట్టిన ఊళ్లో కాలువ గట్టు మీద గుడిసెలుండేవి. గోడలు వాళ్లవి, తాటాకు వాళ్లది, గట్టు సర్కారుది. ఎన్నికలకు ముందు పట్టా అనేవారు, ఎన్నికలయ్యాక గట్టు బలోపేతం అనేవారు. అదే బతుకు ఇక్కడ ఏసీ పెట్టుకుని, పచ్చగడ్డి వేసుకుని కనిపించేసరికి నాకు మొదట గుర్తుపట్టడం చేతకాలేదు. నేల లేని ఇల్లు సగం ఇల్లే. హైవే మీద చూసినదానికంటే పార్కులో నిలబడి ఉన్నదే అసలు సగం ఇల్లు.

అందుకే మూవర్‌కు పదివేలు కట్టేముందు ఆ పదివేలు నేల వైపు తిప్పే దారుందా అని చూడాలంటాను. దారి లేకపోలేదు. 1984లో న్యూహ్యాంప్‌షైర్‌లోని మెరిడిత్ ఊళ్లో పార్కు అమ్ముడుపోతోందని తెలిసి 13 కుటుంబాలు సహకార సంఘంగా ఏర్పడ్డాయి. అప్పు తీసుకుని తమ ఇళ్ల కింద నేలను తామే కొనుక్కున్నాయి. ఆ దారిలోనే, ఇలా నేల కొనుక్కునే నివాసులకు తోడ్పడే రాక్ యూఎస్ఏ అనే సంస్థ 2008లో మొదలైంది. దాని అండతో నివాసులే యజమానులైన పార్కులు ఇప్పుడు 300 పైచిలుకు ఉన్నాయి. పార్కు అమ్మేముందు అందులో ఉంటున్నవారికి నోటీసు ఇచ్చి, కొనుక్కునే వ్యవధి ఇవ్వాలని అన్ని రాష్ట్రాలూ చట్టం చేస్తే ఆ సంఖ్య ఇంకెంతో పెరుగుతుంది. మెరిడిత్‌లో ఆ ఏడాది 13 ఇళ్లలో ఒక్కదానికీ చక్రాలు తిరిగి బిగించాల్సిన పని పడలేదు.