ఎర్రలైటు మీద ఒట్టు

మా నాయన నుంచి నాకు సంక్రమించిన ఆస్తులు రెండు. ఒకటి బీపీ, ఇంకొకటి 1978 మోడల్ యెజ్డీ మోటారు సైకిలు. మొదటిదానికి మాత్రలున్నాయి.

పాత యెజ్డీ చూడని పిల్లలకు రెండు ముక్కలు చెప్పాలి. మైసూరులో తయారయ్యేది, 1996లో ఆగిపోయింది. రెండు సైలెన్సర్లు. కిక్ రాడ్డు, గేరు రాడ్డు రెండూ ఒకటే. మా తిరుపతి లీలామహల్ సర్కిల్లో సిగ్నల్ పడితే పక్కనున్న స్కూటీ అమ్మాయి చున్నీతో ముక్కు మూసుకుంటుంది. ఆ పొగ వల్లే మా వీధిలో దోమలు లేవని నా వాదన. మా ఆవిడ ఒప్పుకోదు.

హెడ్‌లైటు డూమ్ మీద కందిగింజంత ఎర్రలైటు ఒకటుంది. తాళం తిప్పగానే వెలగాలి, స్టార్టయ్యాక కాస్త రేజ్ ఇస్తే ఆరిపోవాలి. మా నాయన దీన్ని నీళ్ళ ట్యాంకుల లెక్కన చెప్పేవాడు. బల్బుకు ఒక పక్క బ్యాటరీ, ఇంకో పక్క ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించే డైనమో. డైనమో తిరగనప్పుడు అటు ట్యాంకు ఖాళీ, బ్యాటరీ కరెంటు బల్బులోంచి అటు పారుతుంది, లైటు వెలుగుతుంది. డైనమో తిరిగి రెండు పక్కలా మట్టం సమానమైతే పారేదేమీ ఉండదు, ఆరిపోతుంది. ఐడిలింగ్‌లో మిణుకుమిణుకుమన్నా పట్టించుకోనక్కర్లేదు. రోడ్డెక్కాక కూడా వెలుగుతూనే ఉందంటే డైనమో సంపాదన మానేసిందని, బండి దాచుకున్న డబ్బు తింటోందని అర్థం.

పోయిన మామిడి సీజన్లో ఆ లైటు ఆరడం మానేసింది. ఊరంతా తిరిగినా ఎర్రగా నన్నే చూస్తోంది. కరకంబాడి రోడ్డులో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ నేనన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: “ఆ లైటు ఆరిపోయేట్టు చెయ్యప్పా, టెన్షన్ పడి చస్తా ఉండా.”

సాయంత్రానికి బండి రెడీ. “నూటయాభై ఇవ్వండి సార్. ఇంక ఆ లైటు మీ కంటికి కనపడితే నన్నడగండి. కాణిపాకం వినాయకుని మీద ఒట్టు!”

మా వైపు ఆ ఒట్టు తర్వాత ఇంక మాట్లాడేదేమీ ఉండదు. పొలం గట్టు తగాదాలు కూడా ఆ గుడి ముందు ప్రమాణంతో తెగిపోతాయి. 2022లో తిరుపతి, చిత్తూరు వేరే వేరే జిల్లాలయ్యాయి గానీ ఒట్టు మాత్రం ఇంకా ఉమ్మడిదే.

తాళం తిప్పాను, వెలగలేదు. స్టార్ట్ చేశాను, వెలగలేదు. ఆహా అనుకున్నాను. మా నాయన పాఠంలో ‘ఆరాలి’ అన్న సగమే గుర్తుంది, ముందు ‘వెలగాలి’ అన్న సగం సంతోషంలో కొట్టుకుపోయింది.

ఆ సంతోషంలోనే ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడను ఎక్కించుకుని ఏకంగా కాణిపాకమే బయల్దేరాను. 70 కిలోమీటర్లు పోతూ బండి కిక్కురుమనలేదు. దర్శనమైంది. తిరిగొచ్చేటప్పుడు చీకటి పడింది, హెడ్‌లైటు వేశాను. 6 వోల్టుల బండి లైటు ఎప్పుడూ గొప్పగా ఉండదు, కానీ ఆ రోజు మరీ పసుపురంగుకు దిగింది. పూతలపట్టు దాటేసరికి కుంకుమరంగు. హారన్ కొడితే దూడ తుమ్మినట్టుంది. ఆ తర్వాత ఇంజన్ రెండు మూడుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. ఈ బండికి స్పార్క్ కూడా బ్యాటరీ నుంచే రావాలి మరి. పగలంతా ఆ స్పార్క్ పుట్టించే కాయిల్ ఒక్కటే తాగింది, రాత్రి హెడ్‌లైటు కూడా పంక్తిలో కూర్చుంది.

అటూ ఇటూ మామిడితోటలు, మధ్యలో మేమిద్దరం. “ప్రసాదం లడ్డూలున్నాయి, తింటారా?” అంది మా ఆవిడ. కోపంగా అడిగుంటే బాగుండేది, మామూలుగా అడిగింది.

అరగంటకు, ఫ్యాక్టరీలో తోతాపురి కాయ దించి ఖాళీగా తిరిగొస్తున్న టెంపో ఒకటి ఆగింది. డ్రైవరన్నకు జావాలు, యెజ్డీలు తెలుసట. డూమ్ విప్పి సెల్‌ఫోన్ లైటు వేసి చూశాడు.

“సార్, లైటు వెలగట్లేదా?”

“లేదన్నా, బాగు చేయించినాను.”

“ఎట్ట వెలుగుతుంది సార్, ఈడ బల్బే లేదే!”

హోల్డర్ ఖాళీ. దానికి రావాల్సిన వైరు చివర నల్ల టేపు చుట్టి, చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు నీటుగా మడిచి పెట్టుంది. నూటయాభైలో నూట నలభై ఆ టేపు పనితనానికే ఇవ్వొచ్చు. బండి టెంపో వెనక, మేం ముందు కూర్చుని తిరుపతి చేరేసరికి పదకొండు దాటింది. బట్టలన్నీ మామిడి సొన వాసన.

పొద్దున్నే కొట్లాటకు సిద్ధమై వెళ్ళాను. మెకానిక్ టీ తాగుతున్నాడు.

“మీరేమన్నారు సార్? లైటు ఆరిపోవాలన్నారు. ఆరిందా లేదా?”

“ఆరింది.”

“మళ్ళీ కనపడిందా?”

“లేదు.”

“మరి నా ఒట్టులో తప్పేముంది సార్? స్వామి కాడికే పోయొచ్చినారు గదా, ఆయన్నే అడిగుండాల్సింది.”

ఏ లాయరుకైనా చూపించండి, ఈ కేసు నిలవదు. నేనే నోరు మూసుకుని డైనమో విప్పమన్నాను. బ్రష్షులు అరిగి చింతగింజలంత మిగిలాయి. కొత్తవి వేసి, అవి రాసుకునే కమ్యుటేటర్ మసి తుడిచి, బ్యాటరీ చార్జింగ్ పెట్టి, రేజ్ ఇచ్చి మీటరు పెడితే 7 వోల్టులు దాటింది. బల్బు అతని చొక్కా జేబులోనే ఉంది. తీసి, ఊది, పెట్టాడు. దానికి వేరే పది రూపాయలు తీసుకున్నాడు.

ఇప్పుడు మా ఆవిడ బండెక్కదు, ముందు నా భుజం మీదుగా తొంగి చూస్తుంది. నేను తాళం తిప్పుతాను.

“ఆ, వెలిగింది. పదండి.”